తహసీల్దారు గారి రెండో ఉద్యోగం

మొన్న మంగళవారం, అమెరికాలోని మా మోరిస్‌విల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఫలానావారి తండ్రిగారు, విశ్రాంత తహసీల్దారు, డెబ్బై రెండేళ్ళ వయసులో స్వర్గస్తులయ్యారని. ఆయన ఏయే మండలాల్లో పనిచేశారో, ఉత్తమ సేవలకు ఎన్ని ప్రశంసాపత్రాలు అందుకున్నారో, ఎంతటి భక్తిపరులో వరసగా రాశారు. కింద జోడించిన చేతుల బొమ్మలు అరవై దాకా ఉన్నాయి. అది రాసింది వాళ్ళబ్బాయి కాదు. ఇలాంటివి రాయడానికి మా అసోసియేషన్‌లో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఎవరు పోయినా ఆయన రాతలో ఒకేలా పోతారు.

ఆ మెసేజ్ మూడుసార్లు చదివాను. అందులో తహసీల్దారు గారి చివరి ఉద్యోగం ఊసు లేదు. అందుకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. రాస్తే ఇది కూడా ఆ మెసేజ్‌లాగే అయిపోతుందని నా భయం.

ఆయన్ని నేను మొదట చూసింది మా ఇళ్ళ వెనక పార్కు నడకదారిలో. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, తెల్ల కాన్వాస్ బూట్లు, నెత్తిన మనవడి బేస్‌బాల్ టోపీ. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు కుడిచేతి మూడు వేళ్ళూ దగ్గరికి చేర్చి గాల్లో చిన్న మెలిక తిప్పేవారు. అది సంతకమని తర్వాత తెలిసింది. ముప్పయ్యారేళ్ళు పెట్టిన చెయ్యి, రిటైరైనా ఊరుకోలేదు.

సాయంత్రాలు ఆ దారిలో నడిచే తెలుగువాళ్ళందరినీ ఆయన ఆపేవారు. పలకరింపులు ఉండవు, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడగడాలు ఉండవు. నేరుగా ఒకటే ప్రశ్న.

"మీరేం చేస్తుంటారు బాబూ?"

"సాఫ్ట్‌వేర్ అంకుల్."

"అది తెలుసు. ఇక్కడ చెట్లు తప్ప అందరూ సాఫ్ట్‌వేరే. మీరేం చేస్తారు?"

అక్కడ మొదలయ్యేది కష్టం.

నా స్నేహితుడు శ్రీకాంత్ ముందు దొరికాడు. వాడిది కరీంనగర్. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

"నేను స్క్రమ్ మాస్టర్ అంకుల్."

"మాస్టరా? ఏ బళ్ళో?"

"బడి కాదంకుల్. ఒక టీమ్ ఉంటది. పొద్దుగాల మీటింగ్ పెడ్త. నిన్న ఏం జేసిన్రు, ఇయ్యాల ఏం జేస్తరు, ఏమన్న అడ్డమొస్తుందా అని అడుగుత."

"అడ్డం వస్తోందంటే మీరు తీసేస్తారా?"

"నేను తియ్య. రాస్కుంట."

"రాసుకుని?"

శ్రీకాంత్ నా వంక చూశాడు. నేను చెట్ల వంక చూశాను.

"మర్నాడు మళ్ళ అడుగుత అంకుల్."

ఆయన కాసేపు గాల్లో సంతకం పెట్టి, "మేస్త్రీ పనన్నమాట" అన్నారు, కించపరచకుండా, వివరం సరిచూసుకునే గొంతుతో.

"మేస్త్రీ తిట్టొచ్చు అంకుల్. నేను తిట్టొద్దు," అన్నాడు శ్రీకాంత్ దిగులుగా.

ఆ వారంలోనే కస్టమర్ సక్సెస్ చూసుకునే ఒకావిడ దొరికింది. కస్టమర్లకి విజయం తెప్పిస్తారా అమ్మా అని అడిగారట. లేదండీ, వాళ్ళు మమ్మల్ని వదిలిపోకుండా చూస్తానని చెప్పి, ఇంటికెళ్ళి మొగుడితో పోట్లాడిందట, అసలు నన్నీ లైన్లోకి దింపింది నువ్వేనని.

నా వంతూ వచ్చింది. నాది చేంజ్ మేనేజ్‌మెంట్. కంపెనీలో కొత్త సిస్టమ్ ఏదైనా వస్తే ఉద్యోగులు బెంబేలెత్తకుండా వాళ్ళని మానసికంగా సిద్ధం చెయ్యడం. అదే చెప్పాను.

"కొత్త సిస్టమ్ మీరు తయారుచేస్తారా?"

"లేదండీ."

"పాతది తీసేస్తారా?"

"లేదండీ. మార్పు మంచిదని అందరికీ చెబుతాను."

"మంచిదేనా?"

"అది నా పరిధిలోకి రాదండీ."

పరిధి అన్న మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. తప్పిపోయిన బంధువు కనబడినట్టు నా భుజం పట్టుకున్నారు. "ఆ ఒక్క మాట మీద నేను ముప్పయ్యారేళ్ళు బతికాను బాబూ!" అన్నారు.

ఇక జనం దారి మార్చేశారు. ఆయన పార్కు తూర్పువైపు ఉంటే తెలుగువాళ్ళంతా పడమరవైపు నడిచేవారు. ఆయనకి మన ఉద్యోగాలంటే చులకన అని కొందరు, పాతకాలపు అధికారి కదా, విచారణ జరపడం అలవాటని కొందరు. ఇంకో నాలుగుసార్లు ఆయనకి దొరికితే రిజైన్ చేసేస్తానని శ్రీకాంత్ అనేవాడు. నేను మాత్రం తప్పించుకోలేదు. ధైర్యం కాదు, నాకూ ఆ ప్రశ్నతోనే గొడవ.

అప్పటికి ఆ ఉద్యోగంలో పదకొండేళ్ళు గడిచాయి. హైస్కూల్లో లెక్కలు చెప్పాలన్నది నా కోరిక. వీసా ఉన్నన్నాళ్ళూ వీసా వల్ల కుదరదనేవాణ్ణి. గ్రీన్ కార్డు వచ్చి ఆ సాకు కూడా పోయింది. తర్వాత పిల్లది చిన్నదన్నాను. తర్వాత పిల్లది పెద్దదవుతోందన్నాను. మీకు ఏ వృత్తి సరిపోతుందో చెబుతామనే పరీక్షలు ఇంటర్నెట్‌లో మూడు రాశాను. మూడూ నన్ను అడవుల్లోకి వెళ్ళమన్నాయి, ఫారెస్ట్ రేంజర్‌గా. మారితే మంచేమిటి, చెడేమిటి అని ఒక లిస్టు ఉండేది. దానికి రంగులు కూడా వేశాను. మా ఆవిడ ఓ రోజు కూర తరుగుతూ కత్తి పక్కనబెట్టి, "నువ్వు ఉద్యోగం మారినా సరే, మారకపోయినా సరే. మారడం గురించి మాట్లాడటం మాత్రం మానెయ్," అంది.

ఒక సాయంత్రం పార్కు బెంచీ మీద తహసీల్దారు గారు పక్కన కూర్చోమని చెప్పి, గొంతు తగ్గించారు.

"బాబూ, మిమ్మల్నందర్నీ ఎందుకడుగుతున్నానో తెలుసా?"

"మా పని మీకు విచిత్రంగా ఉండి ఉంటుంది."

"కాదు. నేనొక ఉద్యోగం చూసుకుందామనుకుంటున్నాను. ఏ లైను బావుంటుందో కనుక్కుంటున్నాను."

నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేశాను. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఇంటర్ ఫలితాలు వచ్చిన కుర్రాడిలా కూర్చునున్నారు.

"మీకింక ఉద్యోగమేంటంకుల్? హాయిగా..."

"ఆ హాయి తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను." ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "నా పాత ఉద్యోగం సంగతి చెప్తాను వినండి. జనం కాగితాలు తెచ్చేవాళ్ళు. నేను సంతకం పెడితే వాళ్ళ పని జరిగేది, పెట్టకపోతే ఆగేది. నేను చేసిన పని మాత్రం ఏమీ లేదు. నేను గుమాస్తాగా చేరిన రోజున నా బల్ల మీద ఒక పొలం గట్టు తగాదా ఫైలు ఉంది. రిటైరయ్యే రోజున అది మా ఆఫీసులోనే ఉంది, కొంచెం లావెక్కి. మధ్యలో ఆ అన్నదమ్ములిద్దరూ పోయారు, గట్టు కూడా పోయింది. ఫైలు మిగిలింది."

ఆ మధ్య వాళ్ళబ్బాయింట్లో వంటింటి కుళాయి కారితే బాగుచేయడానికి ఒకతను వచ్చాడట. రెండు గంటలూ ఈయన పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకున్నారు. అతను వెళ్ళాక కుళాయిని పదిసార్లు తిప్పి చూశారు. తిప్పితే నీళ్ళొచ్చాయి, కట్టేస్తే ఆగిపోయాయి.

"ఒక పని మొదలవడం, నా కళ్ళముందే అయిపోవడం, నా జన్మలో అదే మొదటిసారి చూడటం. అబ్బాయిని అడిగితే కుళాయి కదా నాన్నా అన్నాడు. అందుకే మిమ్మల్నందర్నీ అడుగుతున్నా. అలా అయిపోయే పని మీలో ఎవరికైనా ఉందేమోనని." టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నారు. "ఏమనుకోకండి. మీరు చేసేది కూడా నా పాత ఉద్యోగమే."

నెల తిరక్కుండా ఆయనకి ఉద్యోగం వచ్చింది. హైవే పక్కనున్న పెద్ద హార్డ్‌వేర్ షాపులో, వారానికి నాలుగు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, నట్లూ బోల్టులూ మేకులూ ఉండే వరసలో. దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాక, తృప్తి కలక్క, 'రెస్పెక్టెడ్ మేడమ్' అంటూ తెల్లకాగితం మీద చేత్తో రాసి కూడా పట్టుకెళ్ళారట. అక్కడ సూపర్‌వైజరు డెబ్బీ అని అరవై దాటిన ఆవిడ. ఇక్కడెందుకు పనిచెయ్యాలనుకుంటున్నారని ఆవిడ అడిగితే, ఇక్కడ ప్రతి వస్తువుకీ ఒక చోటు ఉంది మేడమ్ అన్నారట. ఆవిడ ఆ కాగితాన్ని గోడకి అంటించింది. నేను చూశాను.

మా ఊరి తెలుగువాళ్ళలో కలకలం రేగింది. తహసీల్దారు గారు ఏప్రన్ కట్టుకున్నారు! ఆకుపచ్చ ఏప్రన్, ఛాతీ మీద పేరు బిళ్ళ. ఆ బిళ్ళలో ఆయన పేరు పట్టక సగానికి కత్తిరించారు. మొదట చూసినాయన పెయింట్ డబ్బా కొనడానికి వెళ్ళి, ఈయన కంటబడకుండా డబ్బా వదిలేసి వచ్చాడు. తర్వాత మనవాళ్ళంతా ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఇంకో షాపుకి పోవడం మొదలుపెట్టారు. ఆయన ఇబ్బంది పడతారని వాళ్ళ ఉద్దేశం. ఆయనకేమీ ఇబ్బంది లేదు. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏదీ చెడిపోదు కాబోలనుకున్నారట.

వాళ్ళబ్బాయి నాకు ఫోన్ చేశాడు. పెద్ద కంపెనీలో డైరెక్టరు. మనిషి మంచివాడు, గొంతు మాత్రం నలిగిపోయి ఉంది.

"అన్నా, మీరు చేసేదే కదా ఇది. మనుషుల్ని కన్విన్స్ చెయ్యడం. ఒకసారి వచ్చి నాన్నతో మాట్లాడండి. మానెయ్యమని చెప్పండి."

పదకొండేళ్ళలో నా వృత్తి నైపుణ్యాన్ని ఒకరు ఇంటికి పిలిచి అడగడం అదే మొదటిసారి. కొంచెం గర్వపడ్డాను కూడా. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. హాల్లో ఆయన, వాళ్ళబ్బాయి ఎదురెదురు సోఫాల్లో. ఆంటీ జంతికలు పెట్టి మధ్యలో కూర్చున్నారు.

నేను గొంతు సవరించుకుని, ఏ మార్పుకైనా ముందు దానివల్ల ప్రభావితులయ్యే అందరి అభిప్రాయమూ తీసుకోవడం ముఖ్యమని మొదలుపెట్టాను. ఆయన శ్రద్ధగా విని, "బాబూ, మీరు రోజూ అందరికీ మార్పు మంచిదని చెబుతారు కదా?" అన్నారు.

"అవునండీ."

"ఇవాళ నాకు మారొద్దని చెప్పడానికి వచ్చారా?"

నేను జంతిక తీసుకున్నాను. అక్కడితో నా సేవలు ముగిశాయి.

"నాన్నా, అసలు మీకేం తక్కువ?" అన్నాడు వాళ్ళబ్బాయి. "అక్కడ మీరొస్తుంటే జనం లేచి నిలబడేవాళ్ళు."

"నిలబడేవాళ్ళురా. నేను వెళ్ళిపోయేదాకా నిలబడేవాళ్ళు. ఒక్కడు నాతో మాట్లాడేవాడు కాదు. మొన్న ఒకాయన వచ్చి, ఉయ్యాల బల్ల ఊడింది, వాళ్ళమ్మ దాని మీద కూర్చుంటుంది, ఏ బోల్టు పెట్టాలని అడిగాడు. వాళ్ళమ్మ గురించి పావుగంట చెప్పాడు. బోల్టిచ్చాను. ఫోటో పంపిస్తానన్నాడు."

"మీకు సరదాగానే ఉంటుంది. అందరూ ఏమనుకుంటారో తెలుసా? నేను పంపించాననుకుంటారు. వాడు సంపాదించేది చాలక తండ్రిని పనికి తోలాడని..." అతను జంతికల పళ్ళెం పక్కకి జరిపేశాడు. అది పరువు కోసం పడే బాధ ఒక్కటే కాదు. తండ్రిని సుఖంగా చూసుకోవాలని ఇల్లు కొన్నప్పుడే కింద గది కట్టించిన కొడుకతను. ఆ గదిలో తండ్రి ఉండలేకపోయాడన్నది అతనికి తగిలిన దెబ్బ.

ఆయనా అది గ్రహించారు. మూడు వేళ్ళూ కలిపి గాల్లోకి లేపి, సంతకం పెట్టకుండానే దించేశారు.

ఆంటీ అందుకున్నారు. "నలభై నాలుగేళ్ళ కాపురంలో ఈయన గోడకి ఒక మేకు కొట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు మేకులమ్ముతున్నారంటే నాకూ నవ్వొచ్చింది. కానీ ఒరే, ఈ రెండు వారాల్లో ఈయన కాఫీ చల్లారిందని ఒక్కసారి అనలేదు. నేను ఈయన పక్షం."

"సరే, మీ ఇష్టం. నేను మాత్రం ఇక డ్రాప్ చెయ్యను," అని కొడుకు మేడెక్కి వెళ్ళిపోయాడు.

ఆయనకి డ్రైవింగ్ రాదు. అందరూ నా వంక చూశారు. నేను ఇంటినుంచి పనిచేసే రోజులు రెండు, శ్రీకాంత్‌వి రెండు. ఒప్పించడానికి వెళ్ళినవాణ్ణి డ్రైవర్నై బయటికొచ్చాను. శ్రీకాంత్‌ని ఒప్పించడం నా వృత్తి జీవితంలో నేను సాధించిన మొదటి విజయం.

అలా కార్లో ఆయన కబుర్లు చాలా విన్నాను. స్క్రూల సొరుగులన్నీ కస్టమర్లు కలగాపులగం చేసిపోతారట. మొదటి వారమంతా ఆయన వాటిని ఏరి పెట్టారు. "మూడంగుళాల సొరుగులో పావంగుళం వాళ్ళు ఆక్రమణకు పాల్పడ్డారు బాబూ. మొత్తం తొలగించాను. ఇక్కడ సుఖమేమిటంటే, ఎవడూ పోయి స్టే తీసుకురాడు." ఏ బోల్టుకి ఏ నట్టో, ఏ గోడకి ఏ మేకో మనవడి పక్కన కూర్చుని వీడియోల్లో చూసి నోటుబుక్కులో రాసుకునేవారు. పైన 'విషయము' అని, కింద 'సూచిక' అని, పూర్వపద్ధతిలోనే.

ఆయన ఇంగ్లీషు ఆఫీసు ఫైళ్ళలోది. "కైండ్లీ ఫాలో మీ, సర్" అని కస్టమర్ని వరస చివరిదాకా తీసుకెళ్ళి, సొరుగు తెరిచి, "దిస్ ఈజ్ ఫర్ యువర్ కైండ్ పెరూజల్" అనేవారు. పిక్కల మీద పచ్చబొట్లున్న ప్లంబర్లు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. నేనొకసారి లోపలికెళ్ళి చూశాను. ఒక ముసలావిడ తలుపు పిడి తాలూకు విరిగిన ముక్క తెచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని బొటనవేలితో స్క్రూ మరల్ని తడిమి, నేరుగా ఒక సొరుగు దగ్గరికెళ్ళి జత తెచ్చారు. రెండూ బిగించి చూపించారు. సరిగ్గా కూర్చుంది. ఆవిడ కంటే ఈయనే ఎక్కువ సంతోషించారు. ఆ మధ్యనే గమనించాను, ఆలోచిస్తున్నప్పుడు ఆయన వేళ్ళు సంతకం పెట్టడం మానేసి, నట్టు బిగిస్తున్నట్టు తిరుగుతున్నాయి.

అలాగని అంతా హాయి అనుకోవద్దు. కాళ్ళు వాచేవి. ఒకసారి ఒకడు నీకు ఇంగ్లీషొచ్చా అని కసిరాడు. ఆ రోజు కార్లో షాపు నుంచి ఇంటిదాకా పేరు బిళ్ళని తుడుస్తూ కూర్చున్నారు. దిగేముందు మాత్రం, "నేను కూడా జనాన్ని అలా కసిరినవాణ్ణే బాబూ. కసిరించుకోవడం ఎలా ఉంటుందో ఈ వయసులో తెలుసుకోవాల్సి వచ్చింది," అని తలుపు మెల్లిగా వేసి వెళ్ళారు.

తెలుగువాళ్ళ బహిష్కరణ ఎంతోకాలం సాగలేదు. ఒక శనివారం శ్రీకాంత్ ఇంట్లో వాషింగ్ మెషిన్ గొట్టం పగిలి గరాజంతా నీళ్ళయ్యాయి. దూరపు షాపులో సరైన ముక్క దొరకలేదు. ఆయన ఫోన్లో రెండు ప్రశ్నలడిగి, ఫలానా సొరుగు, ఫలానా సైజు అని చెప్పారు. నీళ్ళు ఆగిపోయాయి. సోమవారానికల్లా ఈ వార్త గ్రూపంతా పాకింది. తర్వాత నుంచి మావాళ్ళు ఆయన దగ్గరికే పోయేవారు, కాకపోతే ముందుగా ఫోన్ చేసి, "అంకుల్, అక్కడ మనవాళ్ళెవరూ లేనప్పుడు వస్తా" అని గుసగుసలాడేవారు. ఒక్కోసారి వరసలో ముగ్గురు నలుగురు తెలుగువాళ్ళు ఒకరినొకరు చూడనట్టు నటిస్తూ మేకులు చూస్తూ నిలబడేవారని డెబ్బీ నాతో చెప్పి పడీ పడీ నవ్వింది.

ఆర్నెల్లకి వాళ్ళబ్బాయి కూడా మెత్తబడ్డాడు. ఓ పొద్దున నేను వెళ్ళేసరికి తండ్రిని కారెక్కించుకుంటున్నాడు. "మీకెందుకన్నా శ్రమ, నాకెలాగూ అటే పని" అన్నాడు. అతనికి అటు ఏ పనీ లేదని ముగ్గురికీ తెలుసు.

ఈలోగా మా ఆఫీసులో ఒక సంగతి జరిగింది. ఉద్యోగులకి మార్పు మంచిదని చెప్పే ఉత్తరాలు ఇకనుంచి ఏఐ రాస్తుందన్నారు. ఈ మార్పుకి మా విభాగాన్ని మానసికంగా సిద్ధం చేసే బాధ్యత నాకే ఇచ్చారు. చేశాను. నేను అనవసరమన్న సంగతిని నలభై స్లైడుల్లో నాకే ఓపిగ్గా వివరించుకున్నాను. చివర్లో సర్వేలో అందరూ నాకు అయిదుకి అయిదు ఇచ్చారు. ఉద్యోగం పోలేదు. ఏఐ రాసింది చదివి సరే అనే పని ఇచ్చారు.

సంతకం పెట్టే పని.

అంతకుముందే, కార్లో, ఓసారి ఆయన్ని సూటిగా అడిగాను. "అంకుల్, నేను టీచర్‌గా మారనా వద్దా?"

"నన్నడక్కండి బాబూ. నేను సలహా ఇస్తే, రేపు తేడా వస్తే, దాని మీద నా సంతకం ఉందంటారు."

"మీరైతే ఏం చేసేవారు?"

"నేనా? ముప్పయ్యారేళ్ళు ఉండిపోయినవాణ్ణి. నన్నెలా అడుగుతారు?" అని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకెవరూ అడ్డం పడలేదు. అది చెప్పగలను," అన్నారు.

ఆ స్లైడుల వారం ముగిశాక దరఖాస్తు పెట్టాను. మా రాష్ట్రంలో లెక్కల టీచర్లకి కరువు. డిగ్రీ ఉన్నవాళ్ళని ముందు బళ్ళో చేర్చుకుని, ఆ తర్వాత తీరిగ్గా టీచరు ట్రైనింగ్ చదివిస్తారు. ఆగస్టులో తొమ్మిదో తరగతికి ఆల్జీబ్రా చెప్పడం మొదలుపెట్టాను. మొదటి నెలంతా పిల్లలు నా ఉచ్చారణని నాకంటే బాగా పలికారు. జీతం తగ్గింది, జుట్టూ తగ్గింది. అసోసియేషన్ విందుల్లో మా ఆవిడ, "ఎడ్యుకేషన్ సెక్టార్‌కి మూవ్ అయ్యారు" అని చెప్పుకుంటోంది. తృప్తిగా ఉందా అంటే, ఉందని తొందరపడి అనను. అలసటగా ఉంది. కాకపోతే ఆ అలసట ఎక్కడినుంచి వచ్చిందో అడిగితే చెప్పగలను.

పోయిన వసంతంలో ఆయన మోకాళ్ళు ఇక మొరాయించాయి. గంటల తరబడి నిలబడితే లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. ఆయనే రాజీనామా రాసి ఇచ్చారు, 'ఐ బెగ్ టు సబ్మిట్' అంటూ. చివరి రోజు మాకు బడి సెలవులు. నేను కూడా వాళ్ళ కార్లో వెళ్ళాను. ఒంటిగంటకి వాళ్ళబ్బాయి ఇంజను ఆపి, "లోపలికెళ్దాం అన్నా" అన్నాడు. రెండేళ్ళలో అతను ఆ గుమ్మం దాటడం అదే మొదలు.

ఆయన ఆఖరి కస్టమర్‌తో ఉన్నారు. మేం దూరంగా నిలబడ్డాం. పని అయ్యాక ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు వేసి, రెండు చేతులతో డెబ్బీకి అప్పగించారు. ఉంచుకోమని ఆవిడ ఎంత చెప్పినా, ప్రభుత్వ ఆస్తి మేడమ్ అన్నారు. ఆ షాపు ఏ ప్రభుత్వానిదో ఆవిడ అడగలేదు. ఆయన్ని కౌగిలించుకుంది. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కాసేపు గాల్లో ఉంచి, చివరికి ఆవిడ వీపు మీద రెండుసార్లు తట్టారు.

కార్లో ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. ఉన్నట్టుండి భుజాలు కదలడం మొదలయ్యాయి.

"ఏంటి నాన్నా? మోకాలా?" వాళ్ళబ్బాయి కంగారుపడ్డాడు.

ఆయన కాదన్నట్టు తల ఊపారు.

"అక్కడ రిటైరైన రోజున పెద్ద సభ చేశార్రా. నువ్వప్పుడిక్కడున్నావు. శాలువా కప్పారు, ఉంగరం తొడిగారు, జీపులో ఊరేగించి ఇంటిదాకా దించారు. ఇంటికొచ్చి భోంచేసి కమ్మగా నిద్రపోయాను. ఏమీ అనిపించలేదు. అందరూ ఏడుస్తారట కదా, నాకెందుకు రావట్లేదని మీ అమ్మని అడిగాను కూడా."

చేతిరుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇప్పుడొస్తోంది."

వాళ్ళబ్బాయి తాళంచెవి తిప్పబోయి ఆగిపోయాడు. చెయ్యి స్టీరింగ్ మీదనుంచి తీసి, తండ్రి మోకాలి మీద వేశాడు. మా ముందునుంచి జనం కర్రచెక్కలు, పెయింట్ డబ్బాలు, పూలకుండీలు తోసుకుంటూ పోతున్నారు. మాకేమీ తొందరలేదు. ఆయన ఏడవడం పూర్తయ్యేదాకా కూర్చున్నాం.